ఎవాన్స్ గ్యాంబిట్‌లో బంటును ఊరికే ఎందుకు ఇస్తారు?

చదరంగంలో గ్యాంబిట్ అంటే బంటును ఇచ్చి సమయాన్ని కొనుక్కోవడం. 1820లలో వేల్స్‌కు చెందిన ఓడ కెప్టెన్ విలియం డేవిస్ ఎవాన్స్ తన పేరుతో నిలిచిన ఈ గ్యాంబిట్‌ను వాడుకలోకి తెచ్చాడు. తెల్ల ఆటగాడు నాలుగో ఎత్తులో బంటును బి4కు తోస్తాడు. నల్ల బిషప్ దాన్ని తీసుకోగానే, సి3 బంటు ఆ బిషప్‌ను తరుముతుంది; వెంటనే డి4తో బోర్డు నడుమ పట్టు చిక్కుతుంది.

పాతబడిందనుకున్న ఈ ఎత్తుగడను 1995లో రీగాలో, తాల్ స్మారక టోర్నీలో కాస్పరోవ్ మళ్లీ బయటికి తీశాడు. ఎదుట ఆనంద్. బిషప్‌ను ఇ7కు వెనక్కి తీసుకుని ఆనంద్ జాగ్రత్తగానే ఆడాడు. కానీ 8వ ఎత్తులో తెల్ల మంత్రి తానే డి4లోని నల్ల బంటును తీసి నడిమధ్యకు వచ్చింది; అక్కడి నుంచి హెచ్4కు, జి3కి కదులుతూ నల్ల రాజు పక్కన ఒత్తిడి పెంచింది. 15వ ఎత్తులో బిషప్ హెచ్6లో కూర్చోవడంతో నల్ల రాజుకు ఆ వైపు క్యాస్లింగ్ దారి మూసుకుపోయింది. ఈ ఆటకు ప్రాణం ఆ ఎత్తే.

చివరికి ఆనంద్‌కు రెండు బంట్లు ఎక్కువే. అయినా రాజు ఎఫ్7లో బయటపడి ఉన్నాడు; ఇ6 బిషప్‌పై మంత్రి, ఎఫ్4 గుర్రం గురిపెట్టాయి. కాస్పరోవ్ 25వ ఎత్తుగా ఏనుగును ఇ1కు జరపగానే ఆనంద్ ఓటమి ఒప్పుకున్నాడు.