ముందుగా నీట దిగినవాడు

పాఠభాగము: అపొస్తలుల కార్యములు 27:39–44



ఏటి ఒడ్డున పుట్టి పెరిగిన మనలో ఈత యెరిగినవారు అనేకులు గలరు. అయినను ఆవలి గట్టు చేరుటకు ఈదుట వేరు, ఏటి పొడవున దినముల తరబడి ఈదుట వేరు. పరుల నిమిత్తము అట్లు ఈదిన యొకని సంగతిని ఈ నెల పాఠముగా తీసికొందము.

1. జరిగిన సంగతి

ఇంగ్లాండు దేశములో థేమ్స్ అను నది గలదు. 2011వ సంవత్సరము సెప్టెంబరు 5వ తేదీన డేవిడ్ వాలియమ్స్ అను హాస్యనటుడు లెచ్‌లేడ్ అను ఊరియొద్ద ఆ నదిలో దిగెను. ఆక్స్‌ఫర్డు, రెడింగు, విండ్సరు పట్టణములను దాటి, 8 దినములలో 140 మైళ్లు, అనగా సుమారు 225 కిలోమీటర్లు ఈది, 12వ తేదీన లండనులోని వెస్ట్‌మినిస్టర్ వంతెనను చేరెను. ఇది పందెము కాదు. బ్రిటనులోను ఇతర దేశములలోను బీదలకు తోడ్పడు స్పోర్ట్ రిలీఫ్ అను ధర్మకార్యమునకు సొమ్ము కూర్చుటకే ఆయన ఈదెను. 10 లక్షల పౌనులకు మించి చందా వచ్చెను. అంతకు ముందు 2006లో అదే కార్యము నిమిత్తము ఇంగ్లీషు కాలువను 10 గంటల 34 నిమిషములలో ఈదియుండెను.

2. పడిన కష్టము

దినమునకు సగటున 17 మైళ్లకు పైగా ఈదవలసివచ్చెను. ఏటి మంచినీరు సముద్రపు ఉప్పునీటివలె దేహమును తేల్చదు. మొదటి దినములలోనే ఆయనకు జ్వరము, వాంతులు, విరేచనములు పట్టుకొనెను. మందు పుచ్చుకొని మరల నీట దిగెను. టెడ్డింగ్టన్ లాకులు దాటిన పిమ్మట సముద్రపు పోటు నదిలోనికి ఎక్కివచ్చును. పోటుకు ఎదురీదుట వ్యర్థప్రయాస గనుక, నీరు సముద్రమువైపు తీయు వేళకై కనిపెట్టవలెను. బలముగలవాడైనను కనిపెట్టుట నేర్చుకొనవలసినదే.

దారిలో ఒక కుక్క నీటపడి కొట్టుకొనుచుండగా చూచి, దానిని గట్టు చేర్చుటకు తోడ్పడెనని ఆనాటి పత్రికలు వ్రాసెను. పెద్ద ధర్మకార్యమునకు పోవుచున్నానని చెప్పి చిన్న ప్రాణిని విడిచి పోలేదు. ఈ మాట మనము మరువరాదు.

ఆ మనుష్యుని సమస్త విషయములలోను మాదిరిగా నిలుపుట నా ఉద్దేశము కాదు. ఆ యొక్క పనిని మాత్రమే చూడుడని కోరుచున్నాను.

3. ఒక సందేహము

ఒకడు నీటిలో అలసిన మాత్రమున ఆకలిగొన్న బిడ్డకు అన్నము దొరకునా? ఈదకయే చందా అడుగరాదా? అని కొందరు అనవచ్చును. నేనును ఒకప్పుడు అట్లే తలంచితిని.

ఒక వానకాలమున మా ప్రక్క ఊరిలో వరదవలన ఇండ్లు కూలిన వారికొరకు చందా పుస్తకము పట్టుకొని ఇంటింటికి తిరిగితిని. మా సంఘములోని ఒక వృద్ధురాలు కొంగుముడి విప్పుచు, “అయ్యగారూ, ఈ పుస్తకంలో తమరెంత రాసేరండీ?” అని అడిగెను. ఆమె మాటలో ఎగతాళి లేదు. నా పేరు చూచి దానికి తగినట్లు తానును ఇయ్యవలెనని మాత్రమే అడిగెను. నా పేరు పుస్తకములో లేదు. నాకు నోట మాట రాలేదు. ఆమె అరుగుమీదనే కూర్చుండి మొదటి పేజీ పైభాగమున నా పేరు వ్రాసి, జీతములో నాలుగవవంతు వేసితిని. ఆ నెల మా యింట ఇబ్బంది కలిగెను. అయినను ఆ దినము తరువాత ఏ గడపయందును తల వంచుకొని అడుగవలసిన అవసరము కలుగలేదు.

ఈత అన్నము పెట్టదు. గాని అడుగువాడు తాను ముందుగా వ్యయపడెనని ఇచ్చువారు చూచిరి.

4. మన పాఠము

పౌలు ఎక్కిన ఓడలో 276 మంది యుండిరి. ఓడ బద్దలైనప్పుడు శతాధిపతి ఎవరిని ముందుగా నీట దుముకుమనెనో చదువుడి. ఈత వచ్చినవారినే. తక్కినవారు పలకలను, ఓడ చెక్కలను పట్టుకొని వచ్చిరి. ఒక్కడైనను నశింపలేదు. ఈత వచ్చినవాడు ఓడమీద నిలిచి ఇతరులను దుముకుమని చెప్పుట తగదు. చదువు, ధనము, దేహబలము, సంఘములో పెద్దరికము, ఇవన్నియు మనకు వచ్చిన ఈతలే.

యౌవనులకు ఒక హెచ్చరిక. వాలియమ్స్ ప్రక్కన పడవలలో తోడివారుండిరి. లండను నడుమనున్న భాగములో అనుమతి లేనిదే ఈదరాదని నదీ అధికారులు 2012లో నిబంధన విధించిరి. కావున వరద ఏటిలో ఒంటరిగా దిగుట ధర్మము కాదు, తెలివితక్కువ.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. నాకు వచ్చిన “ఈత” ఏది? దానిని ఎవరి నిమిత్తము వాడుచున్నాను?
2. ఇతరులను అడుగకమునుపు నేను ఇచ్చినదెంత?
3. నా దారిలో కొట్టుకొనుచున్న చిన్న ప్రాణి ఎవరు?