మందు కొట్టేటప్పుడు ఒళ్లు తడవనివ్వకండి

కృష్ణా పశ్చిమ డెల్టాలో వరి పొట్ట దశకు వస్తోంది. నందివెలుగు, తెనాలి మొదలు బాపట్ల, రేపల్లె దాకా సుడిదోమ భయంతో ట్యాంకులు భుజానికెత్తుకునే రోజులివి. కళ్లు తిరిగినా, వాంతులైనా మందు ఎక్కిందని వెంటనే గుర్తిస్తాం. ఏ బాధా తెలియకుండా ఏటా కొద్దికొద్దిగా ఒంట్లోకి దిగే మందును మాత్రం లెక్కచేయం. మగవారి సంతాన శక్తికి దానివల్లా ముప్పుంది.

హార్మోన్లకు ఏమవుతుంది?

మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి ఎల్‌హెచ్ హార్మోన్‌ను పంపితే, వృషణాలు టెస్టోస్టిరాన్ తయారుచేస్తాయి. వీర్యకణాలు ఎదగాలంటే అది ఉండాల్సిందే. కొన్ని మందులు దాని తయారీనే తగ్గిస్తాయి, మరికొన్ని అది పనిచేయకుండా అడ్డుపడతాయి.

కేరళలోని కాసరగోడ్ జిల్లాలో జీడిమామిడి తోటలపై ఏళ్ల తరబడి హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ చల్లారు. అక్కడి పద్రె గ్రామపు మగపిల్లల్ని అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ పరిశీలించి 2003లో ఫలితాలు వెల్లడించింది. యుక్తవయసు లక్షణాలు ఆలస్యమయ్యాయి, వయసుతో పోల్చి చూస్తే టెస్టోస్టిరాన్ తక్కువగా, ఎల్‌హెచ్ ఎక్కువగా ఉంది. 2011లో సుప్రీంకోర్టు ఆ మందును దేశమంతటా ఆపించింది.

క్లోరిపైరిఫాస్ సంగతీ చూడండి. 2006లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో, మూత్రంలో దాని ఆనవాళ్లు ఎక్కువగా ఉన్న మగవారిలో టెస్టోస్టిరాన్ తక్కువగా కనిపించింది. వాళ్లు మందు కొట్టే కూలీలు కారు. మన దగ్గర పత్తి చేలల్లో మందు కొట్టేవారి కుటుంబాలను ఉస్మానియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు పరిశీలించారు. ఆ ఇళ్లలో గర్భస్రావాలు ఎక్కువని 1991లో తెలిపారు.

మందు దిగే దారి

ట్యాంకు మూత వాషరు అరిగితే మందు వీపు మీదుగా నడుముకు కారి నిక్కరు తడుస్తుంది. ఆ తడితోనే సాయంత్రం దాకా పనిచేస్తాం. పారాథియాన్ మందుతో చేసిన పరీక్షలో వృషణాల మీది చర్మం ముంజేతి చర్మం కంటే దాదాపు 12 రెట్లు ఎక్కువగా మందును పీల్చుకుంది. ముక్కుకు గుడ్డ కట్టుకున్నంత మాత్రాన ఈ దారి మూసుకోదు.

ఈ సీజన్‌లో ఏం చేయాలి?

• ముందు దుబ్బులు తట్టి దోమను లెక్కపెట్టండి. పిలక దశలో దుబ్బుకు 10–15, పొట్ట దశ తర్వాత 20–25 కనిపిస్తేనే మందు కొట్టండి.

• సుడిదోమ కనబడితే నీరు తీసి పొలాన్ని ఆరగట్టండి. యూరియా మోతాదు మించనివ్వకండి. సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు కొడితే దోమ మరింత పెరుగుతుంది, వాటి జోలికి పోకండి.

• వచ్చే ఏడు నాటేటప్పుడు ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదలండి. గాలి ఆడి దోమ తగ్గుతుంది, తడిసిన పైరును రాసుకుంటూ నడవాల్సిన పనీ ఉండదు.

• ట్యాంకును ముందు మంచినీళ్లతో నింపి కారుతుందేమో చూసుకోండి. మందు కలిపేటప్పుడు రబ్బరు గ్లౌజులు తప్పనిసరి, అసలు మందు చిక్కగా ఉండేది అప్పుడే.

• నిండు చేతుల చొక్కా, ప్యాంటు, నడుము కింద ప్లాస్టిక్ ఏప్రాన్ వేసుకోండి. గాలికి ఎదురుగా కొట్టకండి. బట్టలు తడిస్తే అక్కడే ఆపి, సబ్బుతో కడుక్కొని మార్చుకోండి.

• ఆ బట్టలు ఇంటి బట్టలతో కలపకుండా విడిగా ఉతకండి. ఉతికేవారూ గ్లౌజులు వేసుకోవాలి.

ఏ మందు, ఎంత మోతాదు అనేది రైతు సేవా కేంద్రంలో గానీ, కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551లో గానీ అడగండి.

పెళ్లయి ఏడాది దాటినా సంతానం కలగకపోతే ఆడపిల్లనే ఆసుపత్రుల చుట్టూ తిప్పకండి. భర్త కూడా వీర్య పరీక్ష చేయించుకోవాలి, ఎన్నేళ్లుగా మందు కొడుతున్నదీ డాక్టరుకు చెప్పాలి. పొగ, మద్యం వంటి కారణాలూ ఉండొచ్చు. వీర్యకణం తయారవడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది, కాబట్టి మందుకు దూరమైన ఫలితం తెలియాలంటే కనీసం మూడు నెలలు ఆగాలి. పైరును కాపాడుకునే తొందరలో మీ ఒంటిని, మీ ఇంటిని మరవకండి.