తలకు రంగు వేయించుకునే ముందు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• తలరంగు కొందరికి ఎందుకు పడదో చెప్పగలుగుతారు.
• ముందుగా చేయవలసిన పరీక్షను వివరించగలుగుతారు.

బ్యూటీపార్లర్‌లో ఫేషియల్, బ్లీచింగ్, తలకు రంగు వంటి సేవలు చేస్తారు. వీటిలో తలరంగు విషయంలో ప్రత్యేక జాగ్రత్త అవసరం.

చాలా నల్లరంగుల్లో పారాఫెనిలిన్ డయమిన్ (పి.పి.డి.) అనే రసాయనం ఉంటుంది. ఇది పడనివారికి దురద, మంట, బొబ్బలు వస్తాయి; ముఖం, కనురెప్పలు వాస్తాయి. ఎన్నోసార్లు వేసుకున్నా ఏమీ కాలేదని ధీమాగా ఉండకండి. ఈ ఎలర్జీ ఎప్పుడైనా మొదలు కావచ్చు.

"మెహందీ" అనే పేరు చూసి కూడా నమ్మకండి. మీ అరచేతిలో గోరింటాకు ఎర్రగా పండుతుంది కదా! ఒక్క గోరింటాకే తెల్లజుట్టును నల్లగా మార్చలేదు. కాబట్టి పెట్టెమీద ఉన్న పదార్థాల పేర్లు చదవండి.

పరీక్షించే పద్ధతి
1. రెండు రోజుల ముందు, వేయబోయే రంగునే కొద్దిగా కలిపి చెవి వెనుక రాయించుకోండి.
2. పెట్టెలోని సూచనల ప్రకారం కడిగి, 48 గంటలు గమనించండి.
3. దురద, ఎరుపు, వాపు కనిపిస్తే ఆ రంగు వేయించుకోకండి.

ఇదివరకే రంగు పడనివారు ఈ పరీక్ష చేసుకోకుండా డాక్టరును సంప్రదించాలి. కనుబొమలకు, కనురెప్పల వెంట్రుకలకు ఈ రంగు వేయరాదు. చూపు పోయే ప్రమాదం ఉంది.

ఆలోచించి రాయండి
రేపు మీ చెల్లెలి పెళ్ళి. "అందరికీ ఇదే వేస్తాం, పరీక్ష ఎందుకమ్మా?" అని పార్లర్‌లో అన్నారు. మీరేమని జవాబిస్తారు?