నాన్న ఎవరికీ ఓటీపీ చెప్పలేదు

మా నాన్నకి స్మార్ట్‌ఫోన్ కొన్న రోజు నేను చెప్పింది ఒకటే మాట. "ఓటీపీ ఎవరడిగినా చెప్పకు నాన్నా." ఆయన చెప్పలేదు. అయినా నా హాస్టల్ ఫీజుకని దాచిన డబ్బులో 38 వేలు పోయాయి. నాకు ఫోన్ చేసి ఆయన మొదట అన్న మాట, "నేనెవరికీ చెప్పలేదురా."

జరిగింది ఇదీ. మా చుట్టాలాయన నంబర్ నుంచి వాట్సాప్‌లో "మీ బండికి చలాన్ పడింది" అని ఒక ఫైలు వచ్చింది. పేరు చివర పీడీఎఫ్ అని కాకుండా ఏపీకే అని ఉంది. ఏపీకే అంటే కాగితం కాదు, ఆండ్రాయిడ్ యాప్. నొక్కితే ఇన్‌స్టాల్ అవుతుంది. (పాపం ఆయన పంపలేదు. ఆయన ఫోన్లోకి ముందే దూరిన యాప్ కాంటాక్టులందరికీ తనే పంపుకుంటోంది.) తెలియని చోటు నుంచి వచ్చిన యాప్ అని ఫోన్ అడ్డుపడింది, నాన్న ఓకే కొట్టారు. మెసేజ్‌లు చదవనివ్వాలా అని అడిగింది, దానికీ అలో కొట్టారు. తర్వాత చలాన్ చూడటానికి 1 రూపాయి కట్టమంది. కార్డు నంబరు, వెనకాల మూడంకెలు అన్నీ నింపారు. కాసేపటికి ఓటీపీలు వరసగా వచ్చాయట. "ఎవరికీ చెప్పకూడదు కదా అని అలాగే వదిలేశా" అన్నారు.

తప్పు నా పాఠంలోనే ఉంది. కార్డు వివరాలు ఎవరైనా కొట్టేయొచ్చు, సిమ్ మాత్రం మన దగ్గరే ఉంటుంది అన్న నమ్మకం మీద ఓటీపీ నడుస్తుంది. కానీ అది మామూలు ఎస్సెమ్మెస్సే. పర్మిషన్ ఉన్న ఏ యాప్ అయినా దాన్ని చదివి, ఇంటర్నెట్‌లో ఇంకొకడికి పంపేయగలదు. మనం నోరు విప్పక్కర్లేదు.

అందుకే సెట్టింగ్స్‌లో పర్మిషన్ మేనేజర్ తెరిచి, ఎస్సెమ్మెస్ కింద ఏయే యాప్‌లున్నాయో చూడండి. ఓటీపీ నోటిఫికేషన్‌లోనూ కనిపిస్తుంది కాబట్టి నోటిఫికేషన్ యాక్సెస్ కూడా చూడాలి. అన్నిటికన్నా భయపడాల్సింది యాక్సెసిబిలిటీ. చూపు లేనివాళ్ళకి సాయంగా పెట్టిన సదుపాయం అది. దొంగ యాప్ చేతికి వెళ్తే స్క్రీన్ మీద ఉన్నది చదువుతుంది, మన బదులు బటన్లు కూడా నొక్కుతుంది. మా రూమ్మేట్ ఫోన్లో ఒక వాల్‌పేపర్ యాప్‌కి నోటిఫికేషన్ యాక్సెస్ ఉంది. వాడూ సీఎస్సీనే!

ఫోన్ పోతే స్క్రీన్ లాక్ ఉందిలే అనుకుంటాం. దొంగ సిమ్ తీసి వేరే ఫోన్లో వేస్తే ఓటీపీలు అక్కడికే వెళ్తాయి. సిమ్‌కి విడిగా పిన్ పెట్టుకోవచ్చు. పెట్టే ముందు మీ కంపెనీ డిఫాల్ట్ పిన్ ఎంతో కనుక్కోండి, మూడుసార్లు తప్పు కొడితే పీయూకే కోడ్ అడుగుతుంది.

నాన్నతో ముందు ఫోన్ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టించాను. అమ్మ ఫోన్ నుంచి బ్యాంకుకి చేసి కార్డు ఆపించాం, వెంటనే 1930కి కంప్లయింట్ ఇచ్చాం. 11 వేలు దొంగ ఖాతాలో దాటకుండా ఆగాయి. మిగతావాటికి బ్యాంకు వాళ్ళు, వివరాలు మీరే ఇచ్చారు కదా అన్నారు. 2017 నాటి రిజర్వ్ బ్యాంక్ నియమం చదివాను. మన తప్పేం లేకుండా వేరే ఎక్కడో లోపం వల్ల పోతే, మూడు పనిదినాల్లో చెప్తే నష్టం మనది కాదు. మన అజాగ్రత్త వల్ల పోతే, చెప్పేదాకా పోయింది మనదే, చెప్పిన తర్వాత పోయేది బ్యాంకుది. అంటే ప్రతి నిమిషానికీ లెక్కుంది. నాన్న భయపడి నాకు చెప్పడానికి రెండు గంటలు ఆలోచించారు, తిడతానని.

ఇంకో సంగతి. ఆయన ఫోన్ ఇంగ్లీషులో ఉండేది. నేనే సెట్ చేసిచ్చా, నాకు అదే అలవాటు కాబట్టి. ఆయన అలో కొట్టినవేవీ ఆయన చదవగలిగినవి కావు. ఇప్పుడు తెలుగులోకి మార్చాను.

ఇప్పుడు ఏ ఫైలొచ్చినా నాకు పంపి "ఇది నొక్కొచ్చా?" అంటున్నారు. నిన్న వచ్చింది నిజంగానే పెళ్ళికార్డు, పీడీఎఫ్. నొక్కొచ్చు నాన్నా అన్నాను. "వద్దులే, ముహూర్తం ఎన్నింటికో నువ్వే చూసి చెప్పు" అన్నారు.