సభలో ఒక్క క్షణం, ఇంట్లో పిడికెడు బియ్యం

జూలై 15 ఏంటని విరుదునగర్‌లో ఎవరినడిగినా కామరాజర్ పుట్టినరోజు అంటారు. 1903లో ఆయన పుట్టింది ఈ ఊళ్ళోనే. సరిగ్గా అదే తేదీన, 1909లో, రాజమండ్రిలో దుర్గాబాయి దేశ్‌ముఖ్ పుట్టారు. తెలుగు చదువుకునే మనం ఆ రోజు ఇద్దరినీ తలుచుకోవచ్చు. జనం ముందు చేయి చాచి ఒక మంచి పని నడపడం ఎలాగో వీళ్ళిద్దరి చరిత్రల్లోనూ ఉంది.

ఇప్పుడీ మాట ఎందుకంటే, కోవిల్‌పట్టి పక్క పల్లెల్లో ఇంట తెలుగు మాట్లాడే పిల్లలకు ఆదివారాల్లో అక్షరాలు నేర్పాలని మన శాఖలో కొంతమందిమి అనుకుంటున్నాం. వార్షికోత్సవం సభలో దానికి సాయం అడగాలని ఆలోచన. ఎలా అడగాలి? అడిగిన తరవాత ఏం చెయ్యాలి? అందుకే పాత సంగతులు కొన్ని చదివాను.

కాకినాడలో జరిగింది

1921 ఏప్రిల్‌లో గాంధీజీ కాకినాడ వచ్చారు. అప్పటికి దుర్గాబాయికి పన్నెండేళ్ళు కూడా నిండలేదు. దేవదాసీలూ, పరదా చాటున ఉండే ముస్లిం స్త్రీలూ గాంధీజీ మాట వినాలని ఆమె పట్టుబట్టింది. 5 వేల రూపాయల నిధి ఇస్తే కొద్ది నిమిషాలు ఇప్పిస్తామన్నారు నిర్వాహకులు. ఆ డబ్బు సమకూర్చింది దేవదాసీలే. గాంధీజీ వచ్చి, అనుకున్నదానికంటే ఎక్కువసేపే మాట్లాడారు. వింటున్న ఆడవాళ్ళు గాజులూ గొలుసులూ తీసి ఆయన ముందు పెట్టారు. అలా చేరింది 25 వేల రూపాయల దాకా ఉంటుందని చెబుతారు.

ఇందులో నన్ను ఆపింది డబ్బు లెక్క కాదు. లోకం చిన్నచూపు చూసిన స్త్రీలు ఆ రోజు ఇచ్చే చేతులయ్యారు. వాళ్ళను వేదిక మీద నిలబెట్టి "అయ్యో పాపం" అనిపించి ఉంటే ఆ సభ ఇన్నాళ్ళు గుర్తుండేది కాదు.

ఆ తరవాత దుర్గాబాయి ఊరుకోలేదు. ఆడవాళ్ళకు హిందీ నేర్పే బడి నడిపారు. ఆంధ్ర మహిళా సభ మద్రాసులో మొదలైంది 1937లో. గాంధీజీ సభకూ ఈ సంస్థకూ మధ్య 16 ఏళ్ళ పని ఉంది.

పోచంపల్లిలో జరిగింది

1951 ఏప్రిల్ 18న తెలంగాణలోని పోచంపల్లిలో వినోబా భావే ఊరివాళ్ళతో కూచున్నారు. సాగు చేసుకోవడానికి 80 ఎకరాలు కావాలని అక్కడి హరిజన కుటుంబాలు అడిగాయి. ఎవరైనా ఇవ్వగలరా అని వినోబా సభవైపు తిరిగారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అక్కడే పుట్టింది.

అడిగిన తీరు చూడండి. "పేదలకు ఏదైనా చెయ్యండి" అనలేదు. ఇన్ని ఎకరాలు, ఫలానా కుటుంబాలకు అన్నారు. వినేవాళ్ళకు తాము ఏం చెయ్యగలరో వెంటనే తెలిసింది.

రెండో సగం కూడా చెప్పాలి. దేశమంతటా 5 కోట్ల ఎకరాలు సేకరించాలనుకుంటే 40 లక్షల పైచిలుకు వచ్చాయి. వచ్చినదాంట్లో చాలా భూమి సాగుకు పనికిరానిది, కొంత తగాదాల్లో ఉన్నది. ఎంతో భూమి పేదల చేతికి చేరనే లేదు. ఇస్తానన్న మాటకూ పట్టా చేతికి రావడానికీ మధ్య కొలిచేవాళ్ళు, రాసేవాళ్ళు, వెంటపడి తిరిగేవాళ్ళు కావాలి. వాళ్ళు చాలినంత మంది లేకపోతే సభలో కొట్టిన చప్పట్లు సభలోనే ఉండిపోతాయి.

మన ఊరి దారి

కామరాజర్ చదివిన క్షత్రియ విద్యాశాలకు విరుదునగర్‌లో "పిడి అరిశి" బడి అని పేరు. ఇంట్లో వంటకు బియ్యం తీసేటప్పుడు ఒక పిడికెడు బడికోసం పక్కన పెట్టేవాళ్ళు. వ్యాపారులు తమ సరుకు మీద "మహిమై" అని కొంత ఊరి పనులకు ఇచ్చేవాళ్ళు. ఇందులో వేదిక లేదు, మైకు లేదు. రోజూ పొయ్యి దగ్గర జరిగే దానం.

ఆ బడి పిల్లవాడే ముఖ్యమంత్రి అయ్యాక సభలనూ వాడుకున్నారు. 1956లో బడిపిల్లల మధ్యాహ్న భోజనం మొదలైంది కోవిల్‌పట్టికి దగ్గర్లోని ఎట్టయపురంలో. తొలి రోజుల్లో అది ఎక్కువగా ఊళ్ళవాళ్ళ చందాల మీదే నడిచింది. 1958 నుంచి "పళ్ళి చీరమైప్పు మానాడు" పేరుతో, అంటే బడులను బాగుచేసుకునే సభలు, ఊరూరా జరిగాయి. బడికి ఏం కావాలో ముందే జాబితా రాసుకునేవాళ్ళు. బెంచీలు, నల్లబల్ల, పలకలు, గది కట్టడానికి చోటు, ఎవరికి చేతనైంది వాళ్ళు ఇచ్చారు.

కోవిల్‌పట్టి కడలై మిఠాయి చేసేవాళ్ళకు ఈ సంగతి బాగా తెలుసు. పాకం పదునుకొచ్చాక వేరుశెనగలు వేయించడానికి కూచుంటే పాకం గట్టిపడిపోతుంది. పప్పు ముందే వేయించి, పొట్టు తీసి, పక్కన పెట్టుకోవాలి. సభలో జనం మనసు కరిగే క్షణం కూడా అంతే. ఆ వేళకు జాబితా, రసీదు పుస్తకం, బాధ్యత తీసుకునే మనిషి సిద్ధంగా ఉండాలి.

మన సభకు నా ఆలోచన

మొదటిది, పిల్లల్ని వరసగా నిలబెట్టి పలకలు పంచి ఫోటో తియ్యడం వద్దు. ఎనిమిదో తరగతిలో నేనూ అలా ఒక సభలో నోటుపుస్తకాల కట్ట పట్టుకుని నిలబడ్డాను. ఫోటో సరిగా రాలేదని మళ్ళీ నిలబెట్టారు. పుస్తకాలు మూడు నెలల్లో అయిపోయాయి, ఆ నిలబడటం మాత్రం ఇంకా గుర్తుంది.

దాని బదులు పిల్లల చేత మనకే పాఠం చెప్పిద్దాం. మా ఇంట్లో అమ్మది తెలుగు, నాన్నది తమిళం. మాట ఇంట్లో వచ్చింది కానీ తెలుగులో నా పేరు రాయడం కాలేజీకి వచ్చాకే నేర్చుకున్నాను. మనలో చాలామందిది ఇదే కథ. ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ గారి ఇంటి మాట తెలుగే, రాసిందంతా తమిళం. కాబట్టి సభకు వచ్చిన అమ్మలకూ అవ్వలకూ తలా ఒక పలక ఇద్దాం. అప్పటికి అక్షరాలు వచ్చిన పిల్లలు పక్కన కూచుని వాళ్ళ పేరు వాళ్ళ చేత రాయించాలి. తన పేరు తాను రాసుకున్న అవ్వకు ఈ తరగతి ఎందుకో ఎవరూ ఉపన్యాసం చెప్పనక్కర్లేదు.

రెండోది, ఆ పలక చేతిలో ఉండగానే అడగాలి, స్పష్టంగా అడగాలి: ఒక బిడ్డకు ఒక పలక, ఒక పెద్దబాలశిక్ష. టౌన్ బస్సులో ఆడవాళ్ళకు టికెట్ లేదు కాబట్టి నేర్పడానికి వెళ్ళే మనకు చార్జీ అడగనక్కర్లేదు. డబ్బు ఇవ్వలేనివాళ్ళు నెలకు ఒక ఆదివారం ఇవ్వొచ్చు, పేరు రాయడానికి ఒక నోటు అక్కడే ఉంచుదాం.

మూడోది మన పిడి అరిశి. శాఖ గదిలో ఒక డబ్బా పెడదాం, వారానికి తలా ఐదు రూపాయలు. ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది, ఎంతమంది పిల్లలు వచ్చారు, నెలనెలా ఈ గోడపత్రిక మీదే రాద్దాం. పిల్లలు తగ్గిన నెలలో తగ్గారనే రాద్దాం.

వార్షికోత్సవం అయిన తరవాతి ఆదివారం తరగతికి వెళ్ళేదెవరో సభకు ముందే తేలాలి. ఆ జాబితాలో మొదటి పేరు నాది రాసుకోండి. రెండో పేరు కోసం మేడమ్ దగ్గర కాగితం ఉంచాను.