కంప్యూటరు మేల్కొననప్పుడు

ఈ సాంవత్సరిక సంచికకై విద్యార్థులు వ్రాసిన వ్యాసములన్నియు మా పాఠశాల కంప్యూటరు గదిలోని యొక యంత్రమునందు భద్రపరచియుంటిమి. వానికి వేరుగా నకలు తీసియుంచకపోవుట మా తప్పు. ఒకనాటి రాత్రి చాలసేపు విద్యుత్తు లేదు. మరునాడుదయము మేము మీట నొక్కగా లోపలి పంకా తిరిగెను, చిన్న దీపము వెలిగెను. కాని నల్లని తెరమీద తెల్లని యక్షరములతో, ప్రారంభింపదగిన డిస్కు లేదను నర్థముగల యాంగ్లవాక్య మొక్కటి మాత్రము కనబడి నిలిచిపోయెను. మరమ్మతు చేయువారొకరు వచ్చి చూచి, "డిస్కును ఫార్మాటు చేసి విండోసు మరల నెక్కింపవలెను. లోపలిది పోయినట్లే యనుకొనుడు" అని చెప్పిరి. పిల్లల మూడు నెలల శ్రమ యొక్క మాటతో పోవునా యని మాకు మనసొప్పలేదు. ఒక్క దినము గడువడిగితిమి. ఆ దినమున మేము చేసినదియు, నేర్చినదియు మీకు తెలుపుటకే యీ వ్యాసము.

ప్రియ విద్యార్థులారా, కంప్యూటరు ప్రారంభమగుట యొక్కటే పని కాదు. అది వరుసగా జరుగు పెక్కు పనులు. పూర్వము టపా మోయువాడు ఒక మజిలీనుండి బయలుదేరి తరువాతి మజిలీలో నున్నవానికి సంచి నందించెడివాడు. సంచి యూరు చేరనిచో, "టపా పోయినది" అని యేడ్చుట వివేకము గాదు. ఏ మజిలీలో నిలిచినదని విచారింపవలెను. కంప్యూటరు విషయమునను అంతే.

మొదటి మజిలీ విద్యుత్తు. రెండవది ఫర్మ్‌వేరు, అనగా మదర్‌బోర్డుపై నొక చిప్పునందు స్థిరముగా నుండు చిన్న ప్రోగ్రాము. 1981వ సంవత్సరమున వెలువడిన ఐ.బి.ఎం. పీసీ కాలమునుండి దీనికి బయోసు అని పేరు. ఇప్పటి యంత్రములందు దీని స్థానమున యూఈఎఫ్ఐ అనునది యుండును. ఇది మెమరీ, కీబోర్డు మొదలగువానిని పరీక్షించును. మూడవది బూట్ లోడరు. బయోసు పద్ధతిలో డిస్కుయొక్క మొట్టమొదటి 512 బైట్లను ఫర్మ్‌వేరు చదువును. అందు 446 బైట్లు ప్రారంభ ప్రోగ్రామునకును, 64 బైట్లు డిస్కు భాగముల పట్టికకును, చివరి 2 బైట్లు గుర్తునకును కేటాయింపబడినవి. యూఈఎఫ్ఐ పద్ధతిలోనైతే డిస్కునందు ఫ్యాట్32 రీతిలో నేర్పరచిన చిన్న భాగములోని యొక ఫైలును చదివి నడపును. నాలుగవ మజిలీ కర్నెలు, అనగా ఆపరేటింగు సిస్టముయొక్క మూలభాగము. అది మేల్కొని తక్కిన ప్రోగ్రాములను మేల్కొల్పిన పిదపనే మనకు పరిచితమైన తెర కనబడును.

బూట్ అనుమాట యెట్లు వచ్చినదో గూడ నెరుగుట మంచిది. ఆంగ్లమున బూట్‌స్ట్రాప్ అనగా జోడునకుండు పట్టీ. తన జోడు పట్టీని తానే పట్టుకొని తన్ను తాను పైకెత్తుకొనుట యను హాస్యపుమాటనుండి యీ పదము పుట్టినది. ఏ ప్రోగ్రామును లేని స్థితినుండి కంప్యూటరు తన్ను తానే లేపుకొనవలసియున్నది గనుక ఆ పేరు తగియున్నది.

డిస్కునుండి ప్రారంభము కానప్పుడు, వేరొక స్థలమునుండి యీ సంచి నందింపగలమా? అందింపగలము. అట్టిదే బూటబుల్ పెన్‌డ్రైవు. అందు బూట్ లోడరును, కర్నెలును, కావలసిన ప్రోగ్రాములును ఉండును. లినక్సు మింటు, ఉబుంటు వంటివానిని పెన్‌డ్రైవునుండియే నడపవచ్చును. లోపలి డిస్కునందు ఒక్క యక్షరమైనను వ్రాయనక్కరలేదు. దీనిని లైవ్ పద్ధతి యందురు. మూసిన యింటి తలుపు విరుగగొట్టక, కిటికీనుండి లోపలి సామాను చూచుట వంటిదిది.

మేము గదిలోని మరియొక కంప్యూటరునందు లినక్సు మింటుయొక్క ఐ.ఎస్.ఓ. ఫైలును దాని స్వంత వెబ్‌సైటునుండి దింపుకొంటిమి. పదవ తరగతి విద్యార్థి యొకడు ఉత్సాహముతో ఆ ఫైలును పాటను నకలు చేసినట్లే పెన్‌డ్రైవులోనికి నకలు చేసి తెచ్చెను. దానితో యంత్రము ప్రారంభము కాలేదు. ఇది యందరును చేయు మొదటి పొరపాటు. ఐ.ఎస్.ఓ. ఫైలు అనగా ఒక పూర్తి డిస్కుయొక్క ప్రతిబింబము. దానిని ఫైలుగా నుంచినచో, ఫర్మ్‌వేరు వెదకు చోట ఏమియు నుండదు. ప్రతిబింబమును విప్పి, మొదటి బైటునుండి సరియైన స్థానములందు వ్రాయవలెను. అందుకొరకై విండోసులో రూఫస్ అను నుచిత ప్రోగ్రాము గలదు. బలీనా ఎచర్ అనునది విండోసు, మ్యాకు, లినక్సు మూటియందును పనిచేయును. వెంటాయ్ అనుదానిని ముందుగా పెన్‌డ్రైవునందు స్థాపించినచో మాత్రము, పిమ్మట ఐ.ఎస్.ఓ. ఫైలును మామూలుగా నకలు చేసినను చాలును.

పెన్‌డ్రైవు సిద్ధము చేయునప్పుడు ఈ క్రమము పాటింపుడు.

1. పెన్‌డ్రైవు 8 జి.బి. కాని అంతకు మించినది కాని తీసికొనుడు. విండోసు స్థాపన డ్రైవునకు మైక్రోసాఫ్టు వారు చెప్పు కనీసపు కొలతయు అదియే.

2. పెన్‌డ్రైవులోని ఫోటోలు మొదలగువానిని ముందుగా వేరొకచోట దాచుడు. అందున్నదంతయు తుడిచిపెట్టబడును.

3. దింపుకొన్న ఫైలు చెడకుండ వచ్చినదో లేదో పరీక్షింపుడు. వెబ్‌సైటులో షా-256 అను పేర 64 అక్షరాంకములుగల యొక వరుస యిచ్చియుందురు. మీ ఫైలునకు లెక్కించిన వరుస దానితో అక్షరాక్షరము సరిపోవలెను. ఒక్కటి తేడాయైనను మరల దింపుకొనవలెను.

4. ఇతర పెన్‌డ్రైవులను, బయటి డిస్కులను ఊడదీయుడు. ప్రోగ్రాములో డ్రైవును ఎంచునప్పుడు పేరును, పరిమాణమును రెండుసారులు చదువుడు. తప్పు డ్రైవు నెంచినచో దానిలోనిది పోవును.

5. రూఫస్ నందు భాగముల రీతి యడుగబడినచో, యూఈఎఫ్ఐ యంత్రములకు జీపీటీ, పాత బయోసు యంత్రములకు ఎంబీఆర్ ఎంచుడు.

6. వ్రాత ముగిసిన తరువాత విండోసు ఒక్కొకప్పుడు "ఈ డ్రైవును ఫార్మాటు చేయవలెనా?" అని యడుగును. అది తనకు తెలియని రీతిని చూచి యడిగెడి ప్రశ్న; వలదని చెప్పుడు.

పెన్‌డ్రైవు గ్రుచ్చినంత మాత్రమున చాలదు. దానినుండి మేల్కొనుమని యంత్రమునకు చెప్పవలెను. మీట నొక్కిన వెంటనే ఒక కీని పలుమారు నొక్కుచుండినచో బూట్ మెనూ వచ్చును. డెల్, లెనోవో యంత్రములందు ఇది తరచుగా ఎఫ్12. హెచ్‌పీ యంత్రములందు ఎఫ్9. తక్కినవానికి మొదటి తెరమీద కనబడు సూచనను చదువవలెను.

మేము పెన్‌డ్రైవును సరిగా వ్రాసి మరల ప్రయత్నించితిమి. కొలది నిమిషములలో లినక్సు తెర వెలిగెను. లోపలి డిస్కు కనబడెను. దానిని తెరువగా వ్యాసములన్నియు ఉన్నవి! పిల్లలు కేకలు వేసిరి. మేము వారిని వారించి, మొట్టమొదట వ్యాసములను రెండవ పెన్‌డ్రైవులోనికి నకలు చేసితిమి. డిస్కునందు మాత్రము ఏమియు మార్చలేదు. తరువాతనే కారణము వెదకనారంభించితిమి.

కారణము చూపినది ఏడవ తరగతి బాలిక. తెర మూలనున్న గడియారమును చూచి, "అయ్యగారూ, ఇందులో సంవత్సరము తప్పుగా నున్నదేమి?" అని యడిగెను. నిజమే, తేదీ పెక్కేండ్లు వెనుకకు పోయియున్నది. మదర్‌బోర్డుపై నాణెమంత బ్యాటరీ యొకటి యుండును. మా యంత్రమున దాని పేరు సీఆర్2032. దాని బలము 3 వోల్టులు. విద్యుత్తు లేని సమయమున గడియారమును నడపునది యదియే. పాత యంత్రములందు ఫర్మ్‌వేరునకు మనము చెప్పిన యేర్పాట్లను నిలుపునదియు నదియే. మా యంత్రములో నది క్షీణించియుండెను. రాత్రి విద్యుత్తు పోగా నేర్పాట్లన్నియు చెరిగిపోయి, యంత్రము యూఈఎఫ్ఐ పద్ధతి విడిచి పాత బయోసు పద్ధతిలో డిస్కును చదువ జూచినది. విండోసు యూఈఎఫ్ఐ పద్ధతిలో స్థాపింపబడియుండుటచే, డిస్కు చక్కగా నున్నను ద్వారము కనబడలేదు. బ్యాటరీ మార్చి, ఏర్పాటు సరిచేసి, తేదీ దిద్దగా విండోసు ఏమియు జరుగనట్లే మేల్కొనెను. ఫార్మాటు చేసియున్నచో, బజారులో స్వల్ప వెలకు దొరకు నొక బ్యాటరీకై ఈ సంచిక పోయెడిది.

ఇక యే మజిలీలో నిలిచినదో లక్షణములనుబట్టి యెట్లు గుర్తింపవలెనో చెప్పెదము. దీపముగాని పంకాగాని లేనిచో గోడమీట, తీగ, యూపీఎస్, అడాప్టరు చూడుడు. పంకా తిరిగి తెర నల్లగా నున్నచో తెర తీగను చూచి, పిమ్మట మెమరీ పలకను ఊడదీసి మరల గట్టిగా అమర్పుడు. పెట్టె తెరుచుటకు ముందు విద్యుత్తు తీగ పూర్తిగా తీసివేసి, లోహమును తాకి చేతిలోని స్థిరవిద్యుత్తును పోగొట్టుకొనవలెను. కూత వినబడినచో ఎన్నిసారులో లెక్కింపుడు. దాని యర్థము మదర్‌బోర్డు చేసినవారి పుస్తకములో నుండును. డిస్కు లేదను వాక్యము వచ్చినచో, ముందుగా మరచి వదలిన పెన్‌డ్రైవు ఉన్నదేమో చూచి తీయుడు. తరువాత తేదీని, బూట్ క్రమమును, డిస్కు తీగను చూడుడు. విండోసు గుర్తు వచ్చి మరల మరల మొదటికి పోవుచున్నచో, ఫర్మ్‌వేరు తన పని ముగించినదని యర్థము. తప్పు విండోసులోనిదిగా నుండవచ్చును. ప్రారంభము వరుసగా పలుమార్లు తప్పినప్పుడు విండోసు 10, 11 లు తామే మరమ్మతు తెరను చూపును. అందు స్టార్టప్ రిపేర్, సేఫ్ మోడ్ అనువానిని ప్రయత్నింపవచ్చును.

రెండు హెచ్చరికలు. డిస్కునుండి టక్ టక్ అను ధ్వని వచ్చుచున్నచో అది యంత్రభాగముల వ్యాధి. మరల మరల ప్రారంభింపక, యే పరీక్షయు చేయక, విద్యుత్తు తీసి నిపుణులకు చూపుడు. రెండవది, పెక్కు క్రొత్త లాప్‌టాపులందు బిట్‌లాకర్ అను తాళము డిస్కునకు వేయబడియుండును. ఫర్మ్‌వేరు ఏర్పాట్లను మార్చినచో అది 48 అంకెల రికవరీ కీ నడుగవచ్చును. ఆ కీ లేనిచో లైవ్ పెన్‌డ్రైవునకును ఆ తలుపు తెరువబడదు. తలిదండ్రులు ఇంటి కంప్యూటరు కీని యంత్రము బాగుగా నున్నప్పుడే కాగితముపై వ్రాసి దాచుట మంచిది.

ఇట్టి యాపద పిల్లల గదికే పరిమితము కాదు. 2024వ సంవత్సరము జులై 19వ తేదీన క్రౌడ్‌స్ట్రయిక్ అను రక్షణ ప్రోగ్రామునకు వచ్చిన లోపముగల యొక ఫైలు వలన, ప్రపంచమంతట సుమారు 85 లక్షల విండోసు యంత్రములు నిలిచిపోయినవని మైక్రోసాఫ్టు వారు అంచనా వేసిరి. విమానములు నిలిచినవి. హైదరాబాదు విమానాశ్రయములో గూడ చేతివ్రాతతో బోర్డింగు పాసు లిచ్చిరి. ఐనను ఆ యంత్రములందలి సమాచారము కాలిపోలేదు. త్రోవకడ్డముగా నొక్క చెడు ఫైలు పడియుండెను. సేఫ్ మోడులోనికో మరమ్మతు తెరలోనికో పోయి ఆ ఫైలును తొలగించుటయే చికిత్స. ఆ పనికై మైక్రోసాఫ్టు వారు పెన్‌డ్రైవునుండి నడచు సాధనమును గూడ విడుదల చేసిరి. గొప్ప సంస్థలకును, మా గదికిని ఉపయోగపడిన ఉపాయ మొక్కటే.

కావున విద్యార్థులారా, యంత్రము మేల్కొననప్పుడు మూడు పనులు ఈ క్రమములోనే చేయుడు: మొదట చూడుడు, తరువాత నకలు తీయుడు, కడపట మరమ్మతు చేయుడు. ఈ క్రమము తారుమారు చేసినవారు పోగొట్టుకొనుట యెక్కువ. అన్నిటికంటె ముందు, యంత్రము ఆరోగ్యముగా నున్నప్పుడే మీ వ్రాతలకు మరియొకచోట నకలుంచుడు. ఆ పని మేము ముందే చేసియున్నచో ఆ ఉదయము మాకంత భయము కలిగియుండదు.

ఇప్పుడు మా గదిలో బీరువా తలుపు లోపలివైపున ఒక పెన్‌డ్రైవు వ్రేలాడుచుండును. దానిపై చీటీ యంటించి, వ్రాసిన తేదీని వేసితిమి. ప్రతి సంవత్సరారంభమున దానిని క్రొత్తగా వ్రాయు భారము తొమ్మిదవ తరగతివారిది. గడియారము తప్పని కనిపెట్టిన బాలిక వ్యాసము ఈ సంచికలోనే యున్నది. చదువరులు దానిని శ్రద్ధగా చదువ ప్రార్థన.