ఇరుగుపొరుగు సంఘము: బాగేపల్లి కూలీల నుండి ఒక పాఠము



మన అంగళ్ళకు వచ్చు బేరగాండ్రలో కూలినాలి చేసికొని బ్రతుకువారు చాలమంది. చిక్కబళ్ళాపురములోగాని, బాగేపల్లిలోగాని, చింతామణిలోగాని సంతనాడు గల్లాపెట్టె ముందు కూర్చున్న ఎవరికైనను ఈ సంగతి తెలియును. చేతిలో డబ్బున్ననాడు సరుకు కొనుక్కొని పోవుదురు. లేనినాడు పద్దు వ్రాయించుకొందురు. వారి పేరు, ఊరు, బాకీ మనకు తెలియును. వారు తమ ఊళ్ళలో ఒకచోట కూర్చుండి ఏమి మాట్లాడుకొన్నారో మాత్రము మనలో పెక్కుమందికి తెలియదు. ఇరుగుపొరుగువారు కలిసి ఒక పని చేయుట ఎట్లో మన బజారు వీధులకంటె ఆ ఊళ్ళే బాగుగా నేర్చినవని నా అభిప్రాయము. అందుచేత ఈ సంచికలో ఆ విషయము కొంత వివరించెదను.

ఈ సీమ సంగతి మొదట చెప్పవలెను. 2007లో చిక్కబళ్ళాపురము ప్రత్యేక జిల్లా అయినది. అంతకు పూర్వము ఈ తాలూకాలన్నియు కోలారు జిల్లాలోనివే. నందికొండ సీమలో చిత్రావతి, పాపఘ్ని వంటి నదులు పుట్టుచున్నవి. పుట్టిన చోట మాత్రము ఏడాది పొడుగున నీరుండదు. చెరువు నిండిననాడు పండుగ, ఎండిననాడు వలస. మెట్టపొలములలో రాగి, వేరుసెనగ వేసి ఆకాశము వంక చూచువారే ఎక్కువ. రెండెకరములున్న రైతు కూడ సగము సంవత్సరము కూలికి పోవలసినదే. కాబట్టి ఇక్కడ ‘కూలీ’ యనగా భూమి లేనివాడు మాత్రమే కాదు, భూమి ఉండియు దానితో కడుపు నిండనివాడు కూడ.

1977లో బాగేపల్లిలో ఒక సేవాసంస్థ ఏర్పడినది. వ్యవసాయాభివృద్ధి, శిక్షణ దాని ఉద్దేశములు. ఆంగ్ల నామములోని మొదటి అక్షరములనుబట్టి దానిని ‘అడాట్స్’ అందురు. దాని తోడ్పాటుతో ఊరూర కూలీ సంఘములు లేచినవి. బాగేపల్లి, చిక్కబళ్ళాపురము, చింతామణి, శిడ్లఘట్ట, గుడిబండ తాలూకాలకు అవి వ్యాపించినవి. వీటికన్నిటికి కలిపి బాగేపల్లి కూలీ సంఘమని పేరు. దేశములో వెట్టిచాకిరి నిర్మూలన చట్టము వచ్చినది 1976లో. చట్టము కాగితము మీద వచ్చినను, అప్పు తీరనిదే మనిషి విడిపడడు గదా! కనుక సంఘములు పిల్లల చదువు, వైద్యము, మెట్టభూముల బాగుతోపాటు తమ సొంత పరపతి నిధిని కూడ ఏర్పరచుకొన్నవి. ఆ నిధి ఎందుకు కావలసివచ్చినదని అడిగినచో సమాధానము మనకు కొంచెము చేదుగా ఉండును. వడ్డీకిచ్చువారి గుమ్మము తొక్కవలసిన అవసరము తప్పించుకొనుటకే. ఆ గుమ్మములలో కొన్ని మనవారివి కూడ కావచ్చును. అపరిగ్రహమును గురించి ఉపన్యాసములు వినుచున్న మనము ఈ మాట విని నొచ్చుకొనరాదు.

సంఘపు కట్టుబాటు సులువైనది. ఊరిలోని సభ్యకుటుంబములు ఒక చిన్న సంఘము. వారమునకొకమారు కూటమి. ఆడవారి కూటమి వేరుగా కూడ ఉండును. ఎవరి పిల్లవాడు బడి మానినాడు, ఎవరికి ఆసుపత్రి ఖర్చు కావలెను, ఎవరు తీసికొన్న సొమ్ము తిరిగి కట్టలేదు — ఇవే సంగతులు. పెద్ద ఉపన్యాసములకు తావు లేదు. నేను దీనిని గొప్ప విషయమనుకొందును. మన సంఘములలో ఏడాదికొక మహాసభ, పూలదండలు, ఫోటో, ఫలాహారము; మరుసటి ఏడు వరకు తలుపుకు తాళము. వారము వారము కూర్చుండువారికి తగవు చిన్నదిగా ఉన్నప్పుడే కంటబడును. ఏడాదికొకమారు కూర్చుండువారికి అది వైరముగా ముదిరిన పిమ్మట తెలియును.

ఇక వారు చేసిన పనులలో ఒక్కదానిని మాత్రము విస్తరించి చెప్పెదను. అది పొయ్యి సంగతి.

రాగిసంకటి వండు ఇంట కట్టెపొయ్యి ఎంతసేపు మండవలెనో మీకు తెలియును. కట్టెలకై ఆడవారు గుట్టలెక్కవలెను. గుట్టల మీది తుప్పలు ఏటేట పలుచబడుచుండెను. ఇంట పొగ, కండ్లమంట, దగ్గు. మన ఇండ్లలో పూర్వము పెద్దమ్మలు పురుగు చావకూడదని కట్టెను దులిపి, చూచి, పొయ్యిలో పెట్టెడివారు. ఆ జాగ్రత్త మంచిదే. కట్టెయే అక్కరలేకపోయినచో మరింత మంచిది.

కూలీ సంఘము 5,500 ఇండ్లకు ఒక్కొక్కటి రెండు ఘనమీటర్ల గోబరు గ్యాసు తొట్టి కట్టించు పథకము పూనినది. దాని పని ఇట్లుండును. మూడు, నాలుగు పశువుల పేడ, రోజుకు సుమారు యాభై కిలోలు, అంతే నీటితో కలిపి భూమిలోని తొట్టిలో పోయవలెను. గాలి చొరని ఆ తొట్టిలో పేడ పులిసి మండెడి వాయువు పుట్టును. గొట్టము ద్వారా అది పొయ్యికి వచ్చును. రెండు ఘనమీటర్ల వాయువుతో ఒక పొయ్యి దినమునకు సుమారు నాలుగు గంటలు మండును. ఒక కుటుంబపు వంటకు చాలును. మిగిలిన మడ్డి పొలమునకు మంచి ఎరువు.

తొట్టి కట్టుటకు సొమ్మెక్కడిది? ఇక్కడ వర్తకులు శ్రద్ధగా వినవలసిన భాగము వచ్చినది. 1997లో జపానులోని క్యోటో నగరమున ఒక ఒప్పందము జరిగి, 2005 ఫిబ్రవరిలో అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము ధనిక దేశములు తాము వదలు పొగను తగ్గించవలసియుండెను. లేదా బీదదేశములలో ఎవరైన తగ్గించిన పొగకు వెలయిచ్చి, ఆ లెక్కను తమ ఖాతాలో జమ చేసికొనుటకు వీలుండెను. బాగేపల్లి పథకము 2005 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి క్రింద నమోదైనది. కట్టె, కిరసనాయిల్ మానుటచేత ఏడాదికి సుమారు 19,500 టన్నుల బొగ్గుపులుసు వాయువు తగ్గునని దాని అంచనా. ఇట్టి బేరములలో సరుకు పుట్టకముందే కొనువాడు బయానా ఇచ్చును. బయానాతో పని జరుగును. సరుకుతో బాకీ తీరును. వేరుసెనగ బేరము చేయువారికి ఇది కొత్త సంగతి కాదు. సరుకు మాత్రము కంటికి కనబడదు, తూకమునకు రాదు. అందుచేత పుస్తకములోని లెక్కయే సరుకు. ఏ ఇంట పొయ్యి వెలిగినది, ఏ ఇంట ఆగినది, ఎన్ని దినములు ఆగినది — ఈ చిట్టా సరిగా లేనిచో రావలసిన సొమ్ము రాదు. తనిఖీదారు పరీక్షించి సరియన్న తరువాతనే లెక్క చెల్లును.

కరవు వచ్చినదనుకొందము. ఒకామె ఆవులను అమ్ముకొన్నది. తొట్టి ఎండినది. మన లెక్కలో అది ఆమె ఇంటి నష్టము. సంఘపు లెక్కలో అట్లు కాదు. ఆమె పొయ్యి ఆగిన దినములు అందరి జమలోనుండి తగ్గును. కాబట్టి ఆమె ఇంటి పశువుల మేత పక్కింటివారికి కూడ చింతయే. వారపు కూటమిలో ఎవరో ఒకరు దీనిని చెప్పుదురు, మేస్త్రీని పిలిపింతురు, లేదా పేడకు వేరొక దారి వెదకుదురు. సిగ్గుపడి దాచుకొన్న ఇంటి తొట్టి మాత్రము పగిలియే ఉండును. పరస్పరోపకారమును గురించి మనము వినుచున్న ఉపదేశమునకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణము నాకు దొరకలేదు.

ఈ వ్యాపారమున నష్టభయము లేదని అనను. కొనువారు దూరదేశస్థులు, ధర వారి చేతిలోనిది. 2012 నాటికి ఐరోపా సంతలో ఈ పత్రముల ధర పడిపోయి, టన్నుకు ఒక యూరో కూడ పలుకని స్థితికి వచ్చినది. కొత్త పథకములు పూనినవారు పలుచోట్ల చిక్కుపడినారు. 2015 నాటి పారిస్ ఒప్పందముతో పద్ధతియే మారినది. ఒక్క గిరాకీని నమ్మి అంగడి పెట్టరాదని మన పెద్దలు చెప్పుచుండెడివారు. అది ఇక్కడను వర్తించును. అయినను ధర పడినంత మాత్రమున కట్టిన తొట్టి ఎక్కడికి పోవును? పశువులున్న ఇంట పేడ కలిపినచో పొయ్యి వెలుగును.

ఇప్పుడు మన సంగతి. నేనెరిగిన ఒక బజారు వీధిలో మురుగుకాలువ పూడి, వానకాలమున మూడు అంగళ్ళలోనికి నీరు వచ్చుచుండెను. వర్తకులు సంఘము పెట్టినారు, చందా వసూలు చేసినారు, అర్జీ ఇచ్చినారు. మూడు సమావేశముల తరువాత నీరు చేరని అంగళ్ళవారు రాకుండిరి. చందాకు లెక్క చెప్పుమని ఒకరడుగగా కోశాధికారికి కోపము వచ్చినది. కాలువ అట్లే ఉన్నది, వానలకు ముందు కూలీలు వచ్చి దానిని తోడిపోవుదురు. ఆ కూలీలలో ఒకామెతో మాట కలిపితిని. “మా ఊళ్ళో అయితే లెక్క అడగనోళ్ళనే తిడతారు సామీ,” అని నవ్వినది.

ఈ మాట ఆ వీధి పెద్దకు చెప్పితిని. ఆయన కొంతసేపు ఊరకుండి, పాత చందా పుస్తకము ఎక్కడనున్నదో వెదకించుచున్నాడు. నీరు చేరని అంగళ్ళవారిని పిలుచుట ఎట్లన్నది ఇంకను తేలలేదు. కాలువ ఎగువన పూడినచో ఈ ఏడు వారి గడపలకు కూడ నీరు చేరవచ్చునని మేస్త్రీ అనుచున్నాడు.